కవరు తీయనివ్వని మనిషి

ఆయన పేరు నేను చెప్పను. బతికున్నప్పుడే చెప్పలేదు, ఇప్పుడేం చెబుతాను. రేషను డీలరు అడిగినా నా బిడ్డే చెప్పేది, నేను పక్కన నిలబడి తల ఊపేదాన్ని. ఇది కూడా నేను చెబుతుంటే ఆమే టైపు కొడుతోంది. నాకు సంతకం దాకే చదువు. చేతులు ఆమెవి, నోరు నాది. మధ్యలో సిగ్గుపడి ఏమైనా వదిలేస్తే నాకు తెలిసిపోతుంది. టకటక ఆగుతుంది కదా.

ఇవాళ ఆ టకటక వినబడుతోంది, అదే వింత. జహీరాబాద్ బస్టాండు దారిలో ఉన్న ఈ మడిగెలో, అంటే మా ఫోటో స్టూడియోలో, కంప్యూటరు ఇన్నేండ్లూ పిండిగిర్నీలా మోగేది. దాని ముందు కూర్చుని ఏం మాట్లాడాలన్నా అరవాలి. నా గొంతు ఇలా బొంగురు పోయింది అందుకే. మొన్నటి నుంచి అది మోగడం లేదు. ఎందుకు మోగేదో, ఎందుకు ఆగిందో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి.

ఆయనకు తాగుడు లేదు, పేకాట లేదు. ఒక్కటే పిచ్చి. కొత్త వస్తువు మీది ప్లాస్టిక్ కవరు తీయనిచ్చేవాడు కాదు.

అందరి ఇళ్లలోనూ ఉంటుందది, నాకు తెలుసు. కానీ అందరూ కొన్నాళ్లకు విసుగొచ్చి పీకేస్తారు. ఆయనకు విసుగు రాలేదు. మా ఫ్రిజ్ తలుపు మీది కవరు బుడగలు లేచి, చీలి, కుబుసం విడుస్తున్న పాములా వేలాడేది. దాన్ని రోజూ పొద్దున టేపుతో మళ్లీ అతికించేవాడు. టీవీ రిమోటును కవర్లోంచే నొక్కాలి. ఆ కవరుకు పట్టిన జిడ్డులో అంకెలు కనబడక ఆయన అంచనాగా నొక్కేవాడు. వార్తలు పెట్టబోతే కన్నడ పాటలు వచ్చేవి. "మంచిగనే పాడుతున్నడు" అని అవే చూసేవాడు. చేతి గడియారం అద్దం మీద పొర మసకబారింది. ఎవరైనా టైమడిగితే గుమ్మంలోకి పోయి, మణికట్టును ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి చెప్పేవాడు. అప్పటికి ఆ అడిగినవాడి బస్సు పోయేది.

పెండ్లైన కొత్తలో మాకు ఒక పరుపు వచ్చింది. దాని కవరూ తీయనివ్వలేదు. ఇటు తిరిగితే కరకర, అటు తిరిగితే కరకర. పక్కగదిలో మా అత్త దగ్గేది. పొద్దున నల్లా దగ్గర అందరూ ఉండగా, "ఏం పిల్లా, రాత్రంత మీ అర్రల మక్కపేలాలు ఏంచినట్టు చప్పుడు?" అని అడిగింది. నేను బిందె అక్కడే వదిలేసి లోపలికి ఉరికాను.

టకటక ఆగింది. రాయి బిడ్డా, నువ్వు ఆ పరుపు మీదనే పెరిగినవ్.

"ఎందుకయ్యా గీ కవర్లు?" అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట.

"తీస్తే పాతదైతది."

అంతే. ఇంకో ముక్క చెప్పేవాడు కాదు. ఆయన న్యాల్‌కల్ దిక్కు మనిషి. అన్నదమ్ములందరిలో చిన్నోడు, అన్నల చొక్కాలే తొడిగాడు. పెండ్లి చొక్కా దాకా ఆయన ఒంటి మీద కొత్త బట్ట పడలేదని మా అత్త చెప్పేది. అందుకే అలా అయ్యాడని నేనంటాను. కాదు, ఉత్త పిచ్చే అని నా బిడ్డ అంటుంది.

ఇక కంప్యూటరు సంగతి. కెమెరాలు మారి, డ్రోన్లు వచ్చి, పెండ్లి వీడియోలు బరువెక్కాయి. మా పాత డబ్బా ఆ బరువు మోయలేకపోయింది. హైదరాబాదు పోయి కొత్త సామాను కొన్నాడు. లోపల ప్రాసెసరని ఒక చిప్పు ఉంటుందట, మొత్తం పని అదే చేస్తుందట, పని చేసేకొద్దీ కాలుతుందట. దాన్ని గాలితో కాక నీళ్లతో చల్లబరిచే రకం ఉందని అక్కడి దుకాణదారు చెప్పాడు. చిప్పును తాకుతూ ఒక రాగి బిళ్ల, దాని మీద చిన్న మోటరు, అక్కడి నుంచి రెండు నల్ల పైపులు. రాగి బిళ్ల వేడిని పట్టి నీళ్లకిస్తుంది, నీళ్లు పైకి పోయి ఫ్యాన్ల కింద చల్లబడి మళ్లీ కిందికొస్తాయి. "మన బోరు మోటరు లెక్కనే" అని ఆయన నాకు విప్పి చెప్పాడు. మా ఇంట్లో ఆయన విప్పింది అదొక్కటే.

ఊరంతటా దానికి నీళ్ల కంప్యూటరని పేరు పడింది. ఫోటో దిగడానికి వచ్చినవాళ్లు ముందు దాన్ని చూసేవాళ్లు.

"నీళ్లు కనబడ్తలెవ్వేందే?"

"లోపలున్నయి. బయటికొస్తే అది కంప్యూటర్ ఎందుకైతది, నల్లా అయితది."

"ఎన్ని బిందెలు పడ్తయే?"

"పోసేది లేదు, తీసేది లేదు. అవే నీళ్లు తిరుగుతయి" అని గొప్పగా చెప్పేవాడు. వాళ్లు పోయాక నా దగ్గరికొచ్చి గుబులుగా అనేవాడు. "గాళ్లు ఏం నీళ్లు పోసిన్రో ఏమో. మన బోరు నీళ్లసొంటివైతే పైపులు సున్నం గడ్తయి."

దాన్ని బిగించడానికి బీదర్ నుంచి మెకానిక్ వచ్చాడు. బీదర్ పేరుకే కర్ణాటక, మాకు పక్కిల్లే. ఆ రోజు మధ్యాహ్నం మా ఆయన మడిగె వెనకున్న ఇంట్లోకి వచ్చి నా కుంకుమ భరిణె పట్టుకుపోయాడు. కొత్త మిషనుకు పూజ చేయడం మామూలే కదా, నేను పట్టించుకోలేదు. సాయంత్రానికి మిషను లేచింది. కొబ్బరికాయ కొట్టాం. మిషనుకు ఒక పక్క పెద్ద అద్దం ఉంటుంది, లోపలి రంగురంగుల లైట్లు కనబడేలా. దాని మీది కవరు తీయబోయిన మెకానిక్ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ లైట్లు మాకు ఎప్పుడూ మంచులో జాతర చూసినట్టే కనబడ్డాయి.

మొదటి పెండ్లి వీడియో నుంచే రోగం మొదలైంది. తెర మూల మీద వేడి ఎంతుందో చూపించే అంకె ఒకటి ఉంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు నలభై ఉండాలట. మాది ఊరికే డెబ్బై. పని మొదలుపెడితే తొంబై. అక్కడ ఫ్యాన్లు పిండిగిర్నీలా మోగేవి. వంద దగ్గరికి పోగానే తన ప్రాణం తాను కాపాడుకోవడానికి మిషను ఠక్కున ఆరిపోయేది. నా బిడ్డ తెర ముందు కూర్చుని అంకె అరిచి చెప్పేది, ఆయన మిషను నెత్తి మీద అరచెయ్యి పెట్టి నిలబడేవాడు.

"తొంబై నాలుగు, నాయినా!"

"జరమొచ్చింది బిడ్డా. ఆపు. జర పండనియ్యి."

జ్వరానికి ఏం చేస్తామో అన్నీ చేశాడు. తడిగుడ్డ పిండి మిషను మీద పరిచాడు. పక్కన నీళ్ల కుండ, మా రంజన్, పెట్టాడు, దాని చల్లదనం దీనికి తాకుతుందని. ఎయిర్ కూలర్ తెచ్చి ఎదురుగా నిలబెడితే, ఆ తేమకు గోడ మీది శాంపిల్ ఫోటోల్లో పెండ్లికూతుళ్లందరూ వంకరపోయారు. నిమ్మకాయ కట్టాడు. వీడియోకు తిథి చూశాడు. ఏదీ పనిచేయలేదు. బీదర్ మెకానిక్ ఒకసారి వచ్చి, "అన్నా, అద్దం తీసి లోపల చూడాలె" అన్నాడు. "అద్దం ముట్టకుండ చూడు" అన్నాడాయన. ఆ మెకానిక్ చాయ్ తాగి, మిషనుకు ఒక సలాం కొట్టి బీదర్ బస్సెక్కాడు.

చివరికి ఆయన సొంతంగా ఒకటి కనిపెట్టాడు. తప్పు మిషనుది కాదు, పెండ్లిళ్లదని. సత్యనారాయణ వ్రతం వీడియో ఎనభై దాటదు. బారాత్ రాగానే తొంబై ఐదు. కాబట్టి చల్ల పెండ్లిళ్లు, వేడి పెండ్లిళ్లు అని రెండు జాతులు ఉన్నాయి. అప్పటి నుంచి వీడియో మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి విచారణ మొదలుపెట్టాడు.

"డీజే పెడ్తున్రా?"

"పెట్టకుంటే పిల్లగాడు ఊకుంటడా అన్నా!"

"దోస్తులు ఎంతమందొస్తరు?"

"ఊరంత వస్తది. ఎందుకడుగుతున్నవ్, భోజనాలు నువ్వు పెడ్తవా?"

"భోజనం సంగతి గాదు. ఎగిరేటోళ్లను జర తక్కువ పిలువున్రి. మెరుపుల లైట్లు వద్దు. మా మిషన్ ఆగది."

ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. "నీ డబ్బాకు జరమొస్తదని మా పిల్లగాడు పెండ్లిల ఎగురద్దా? లగ్గం మాది, షరతు నీదా?" అన్నాడు. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. చల్ల పెండ్లి దొరికితే మా ఇంట్లో ఆ రోజు పండగే.

ఇలాగే ఏండ్లు నెట్టుకొచ్చాడు. పోయినేడు గుండె పట్టుకుంది. దవాఖానలో మంచం పక్కన కూర్చున్నాను. చెయ్యితో దగ్గరికి పిలిచాడు. చెవి పెట్టాను.

"మిషన్ అద్దం మీది కవరు తియ్యనియ్యకు. నా మీద ఒట్టు."

"ఇంకేమన్న చెప్పయ్యా. బిడ్డ గురించి చెప్పు, నా గురించి చెప్పు."

కొంచెం సేపు ఆలోచించాడు. నిజంగా ఆలోచించాడు, కనురెప్పలు కదిలాయి. "బిడ్డ తెలివిగలది. నువ్వు నోరుగలదానివి. మీకేం ఫికర్ లేదు. కవరు తియ్యనియ్యకు."

అవే ఆఖరి మాటలు.

ఫ్రేము దుకాణంవాళ్లు ఆయన ఫోటోను పెద్దగా చేసి, ప్లాస్టిక్ చుట్టి తెచ్చారు. నేను ఆ ప్లాస్టిక్ మీదనే దండ వేసి మడిగెలో గోడకు తగిలించాను. చూసినవాళ్లందరూ, "మొఖం మంచిగ కనబడ్తలేదు, జర తియ్యరాదు" అన్నారు. "గాయన గట్లనే ఉంటడు" అన్నాను.

ఇక మడిగె మా ఇద్దరి మీద పడింది. కెమెరా పట్టేది, ఎడిటింగ్ చేసేది నా బిడ్డ. బేరం మాట్లాడేది నేను. ఆయన పోయాక మొదటి పెద్ద పని ఝరాసంగం దగ్గరి ఒక రైతు ఇంటి పెండ్లి. ఎంత వేడి పెండ్లంటే, డ్రోను తిరిగింది, రెండు డీజేలు పోటీ పడ్డాయి, పెండ్లికొడుకు ట్రాక్టరు మీద నిలబడి ఎగిరాడు. ఆయనుంటే గుమ్మంలోంచే పంపేసేవాడు. మాకు ఆ పని కావాలి. పెండ్లిపిల్లను పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పోసే రోజుకు వీడియో ఇస్తామని మాటిచ్చాం. బారాత్ దగ్గరికి రావడం, మిషను ఆరిపోవడం. మళ్లీ మొదలు, మళ్లీ బారాత్, మళ్లీ చీకటి. ఒడిబియ్యం రేపనగా పిల్ల తండ్రి వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, మొగాయన లేకపాయె. మీతోని అయితదా కాదా, ఉన్నమాట చెప్పు. కాకుంటే పెండ్లి ఎక్కిన ఆ కెమెరా కార్డులు నా చేతుల పెట్టు, సంగారెడ్డి తీస్కపోత."

"పొద్దుగూకేయాల్లకు రా. వీడియో తీస్కపోదువు."

"అయ్యిందా మరి?"

"అయితది."

పిల్ల తండ్రి గడప దాటాక నా బిడ్డ నా వైపు చూసింది. మాకు ఇద్దరికీ తెలుసు. ఆ కార్డులు ఇవాళ సంగారెడ్డి పోతే, రేపు అన్ని ఊళ్లలోనూ ఒకటే మాట, మొగాయనతోనే మడిగె పోయిందని. ఇక షట్టర్ దించుకోవడమే. నా బిడ్డ బీదర్ మెకానిక్‌కు ఫోను చేసింది. వచ్చాడు. మిషను ముందు కూర్చుని నన్ను చూశాడు.

"అమ్మా, అద్దం తియ్యకుంటే లోపలికి ఎట్ల పోవాలె? నేనేమన్న చీమనా?"

"ఒట్టేసిండయ్యా. అద్దం మీది కవరు తియ్యద్దు."

"కవరు నేను ముట్ట. అద్దమే ఊడదీస్త, కవరుతోని సహా."

ఆలోచించాను. అద్దం గురించి ఒట్టు లేదు. తియ్యమన్నాను. మరలు విప్పి, కొత్త కోడలిని లోపలికి తెచ్చినట్టు అతనూ నా బిడ్డా రెండు పక్కలా పట్టుకుని, ఆ అద్దాన్ని తీసుకుపోయి ఇంట్లో పరుపు మీద పడుకోబెట్టారు. కవరు మీద కవరు కరకరలాడింది.

దుమ్ము దులిపారు. ఫ్యాన్లు తుడిచారు. మిషను వేశారు. తొంబై. మెకానిక్ మోటరుకు చెవి పెట్టాడు. తిరుగుతోంది. రెండు పైపులూ పట్టుకు చూశాడు. మళ్లీ పట్టుకున్నాడు. ముఖం మారింది.

"చిప్పు కాల్తుంది, పైపులు చల్లగున్నయి. నీళ్లకు వేడి ఎక్కుతనే లేదు."

"పొయ్యి మండుతుంది, కుండ కాల్తలేదా?" అన్నాను.

"గదే అమ్మా! గట్లెట్లయితది?"

"నడుమ ఏదో అడ్డమున్నది" అంది నా బిడ్డ.

మిషను ఆపి, చిప్పు మీద కూర్చున్న మోటరును మెల్లగా ఊడదీసి బోర్లించాడు. కింద రాగి బిళ్ల ఉండాలి. దాని మీద, వేడి బాగా దిగాలని చిప్పుకు రాసే మలాం ఎండి ఉంది, తుడిచాడు. తుడిస్తే రాగి కాదు, ప్లాస్టిక్. పల్చటి, సాఫైన, ఒక్క బుడగ కూడా లేని ప్లాస్టిక్. దాని అంచున ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు.

"బిగించే ముందు తీసెయ్యాలె అని రాసుంది" అని నా బిడ్డ చదివింది. చదివి, మెకానిక్ వైపు నిప్పులా చూసింది. "ఇన్నేండ్ల నుంచి గీ ముక్కకేనా మేం చచ్చింది?"

"అల్లా కసం, నేను తీసిన! గీ చేతులతోనే తీసి పేపర్ మీద పెట్టిన!"

"నువ్వు తీస్తే మల్ల నడిచొచ్చి అతుక్కుందా?"

అతను ఆ మోటరును వెలుతురుకు ఎత్తి చూశాడు. "అమ్మా, లోపల ఎర్రగ ఏమో ఉన్నది. రక్తమా ఏంది?"

నేను చూశాను. రాగి బిళ్ల నడుమ, ప్లాస్టిక్ కింద, గుండ్రటి బొట్టు. కొంచెం నల్లెరుపు. ఝరాసంగం గుడి దగ్గర కొనే కుంకుమ. నా భరిణెలోది.

అప్పుడు మెకానిక్‌కు అంతా గుర్తొచ్చింది. ఆ రోజు ప్లాస్టిక్ తీసి పేపరు మీద పెట్టి నమాజుకు పోయాడట. తిరిగొచ్చేసరికి మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, పెండ్లికొడుకులా నవ్వుతూ నిలబడి ఉన్నాడట. కొత్త బిళ్లకు బొట్టు పెట్టాడు. ఆ బొట్టు చెరిగిపోకుండా, ఆ రాగి పాతబడకుండా, తీసిన కవరును తీసినట్టే మళ్లీ అతికించాడు. మెకానిక్ బోర్లించి చూడలేదు, చిప్పుకు మలాం రాసి దాన్ని పైన బిగించేశాడు. ఏండ్ల తరబడి తడిగుడ్డలు వేసింది, పెండ్లిళ్లకు షరతులు పెట్టింది, పిల్లగాళ్లను ఎగరొద్దన్నది, అంతా ఆ చేత్తో చేసిన పనికే.

మెకానిక్ గోటితో అంచు లేపబోయాడు. "ఆగు" అన్నాను.

"అమ్మా, ఒట్టు అద్దం కవరుకే గదా!" అంది నా బిడ్డ.

"ఆయన చేత్తోని పెట్టిండే బిడ్డా. బొట్టు పెట్టి కప్పిండు."

"పిల్ల తండ్రి వచ్చే యాల్లయితుంది."

నేను గోడ దగ్గరికి పోయి ఫోటో ముందు నిలబడ్డాను. "ఏమయ్యా, నీ బిడ్డ మడిగె బతకాల్నా, నీ కవరు బతకాల్నా? చెప్పు" అని అడిగాను. ఆయన ఏదన్నాడో ప్లాస్టిక్‌లోంచి తెలియలేదు.

వెనక్కి తిరిగి చెప్పాను. "తియ్యి."

సర్రుమని వచ్చింది. సగం బొట్టు ప్లాస్టిక్‌తో లేచిపోయింది, సగం రాగి మీద ఉండిపోయింది. ఆ రాగి, ఏం చెప్పను, అద్దంలా మెరిసింది. "దుకాణంల ఉన్నట్టే ఉన్నదమ్మా!" అన్నాడు మెకానిక్. ఆ క్షణాన నాకు ఆయన మీద కోపం రాలేదు. ఇన్నేండ్లకూ కొత్తగానే ఉంచాడు మరి. అన్న మాట నిలబెట్టుకున్నాడు.

మెకానిక్ దూదికి స్పిరిట్ అద్దుకున్నాడు. మిగిలిన సగం బొట్టు వైపు, నా నుదురు వైపు చూసి ఆగిపోయాడు.

"తుడువయ్యా" అన్నాను. "నాదే తుడిచిన్రు, దానిదెంత."

తుడిచాడు. కొత్త మలాం రాసి బిగించాడు. అద్దాన్ని పరుపు మీద నుంచి లేపి, కవరుతో సహా దాని చోట పెట్టారు. మిషను వేసి, ఝరాసంగం బారాత్ పెట్టింది నా బిడ్డ. డ్రోను లేచింది. రెండు డీజేలు మొదలయ్యాయి. పెండ్లికొడుకు ట్రాక్టరు ఎక్కాడు. ఆమె అలవాటు కొద్దీ అరిచింది. "అరవై ఒకటి!"

అరవాల్సిన పని లేదు. మడిగెలో చప్పుడే లేదు. మిషను మోగక, మెల్లగా ఊపిరి పీలుస్తోంది. నాకు భయమేసి ఆయనలాగే దాని నెత్తి మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఆ చెయ్యి అంత చల్లటిదాన్ని అంతకుముందు ఒక్కసారే తాకింది, దవాఖానలో. గబుక్కున తీసేశాను.

పొద్దుగూకే ముందు పిల్ల తండ్రి వచ్చి వీడియో తీసుకున్నాడు. పోతూ పోతూ, "అక్కా, మా చిన్నపిల్ల లగ్గం మాఘంల ఉన్నది, గది గూడ మీదే" అన్నాడు. "డీజే పెట్టిస్తవా?" అని అడిగాను. "పెట్టద్దా?" అని భయపడ్డాడు. "రెండు పెట్టించు" అన్నాను.

మెకానిక్ సామాను సర్దుకుంటూ ఆ ప్లాస్టిక్ ముక్కను చెత్తలో వేయబోతే లాక్కున్నాను. సగం బొట్టు దానికే ఉంది, జిగురు ఇంకా పోలేదు. స్టూలు ఎక్కి, దండను కొంచెం పక్కకు జరిపి, ఫోటోలో ఆయన నుదురు ఎక్కడుంటుందో అంచనా వేసుకుని, ప్లాస్టిక్ మీదనే అతికించాను. బుడగ రాకుండా కొంగుతో ఒత్తాను.

నా బిడ్డ కింద నుంచి చూసి నెత్తి కొట్టుకుంది. "అమ్మా, దాని మీద తీసెయ్యాలె అని ఇంత పెద్దగ రాసున్నది. వచ్చినోళ్లు నాయిన నుదుటి మీద గది సదువుకుంటరా?"

"సదువొచ్చినోళ్లు సదువుకోనియ్యి" అన్నాను. "ఎవ్వరన్న ముడితే చేతులిరుగ్గొడ్త. తీస్తే పాతోడైతడు."